ద్వారలోపం: పాతబడిన టెస్టుల ప్రామాణ్య విచారం

ఒక విధి ఏ ప్రయోజనాన్ని సాధించడానికి ఏర్పడిందో ఆ ప్రయోజనమే లేకుండా పోయినప్పుడు ఆ విధిని ఇంకా పాటించవలసి ఉంటుందా, పాటించనక్కరలేదని తేల్చేవారు ఏ ఆధారం మీద తేల్చాలి అన్న ప్రశ్నను భారతీయ దర్శనాలలో పూర్వమీమాంస ఎంతో లోతుగా విచారించింది. జైమిని మీమాంసా సూత్రాలలోని 12 అధ్యాయాలలో పదవది ప్రధానంగా ‘బాధ’ గురించినది. ఒక కర్మ నుంచి మరొక కర్మకు సంక్రమించిన అంగాన్ని ఏ పరిస్థితిలో విడిచిపెట్టవచ్చునో నిర్ణయించడమే అక్కడ బాధ అన్న మాటకు అర్థం. యజ్ఞవాక్యాలను అన్వయించడానికి పుట్టిన ఈ విచారణ పద్ధతిని తరువాతి ధర్మశాస్త్ర వ్యాఖ్యాతలు దాయభాగం వంటి లౌకిక వివాదాలకు కూడా వాడుకున్నారు కాబట్టి, అది యజ్ఞశాల దాటితే పనికిరాని పద్ధతి కాదని చరిత్రే చెబుతున్నది. సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో తరచుగా ఎదురయ్యే ఒక చిక్కు, అంటే పాతబడిన ఫ్రంటెండ్ టెస్టులను ఉంచాలా తీసివేయాలా అన్న చిక్కు, స్వరూపంలో ఈ పాత ప్రశ్నకు చాలా దగ్గరగా ఉంటుంది. దాన్ని మీమాంసకుల, న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికుల పరిభాషలో పరిశీలిస్తే, ‘తీసివేయాలా వద్దా’ అని ఒకే ప్రశ్నగా కనిపించేది నిజానికి వేర్వేరు నిర్ణయాల కలగాపులగమని, వాటిని విడదీయకపోవడం వల్లనే అటు అతి భక్తి, ఇటు అతి తెగింపు ఏర్పడుతున్నాయని తెలుస్తుంది.

టెస్టు ప్రమాణమా, విధియా

ఫ్రంటెండ్ అంటే ఒక సాఫ్ట్‌వేర్‌లో వాడేవారి కంటికి కనబడే, వారి చేతికి అందే భాగం. బటన్లు, ఫారాలు, మెనూలు, తెర మీద కనిపించే సందేశాలు అన్నీ అందులోకి వస్తాయి. ఈ భాగం సరిగా పనిచేస్తున్నదో లేదో చూడడానికి రాసే చిన్న ప్రోగ్రాములనే టెస్టులు అంటారు. ఒక టెస్టు తెరను సిద్ధం చేసి, ఒక బటన్ నొక్కినట్టు నటించి, దాని ఫలితంగా రావలసినది వచ్చిందా అని పోల్చి చూస్తుంది. వస్తే పాస్, రాకపోతే ఫెయిల్. కోడ్‌లో ఎవరు ఏ మార్పు చేసినా ఈ టెస్టులన్నింటినీ యంత్రమే మళ్లీ నడిపి, కొత్త మార్పు పాత ప్రవర్తనను చెడగొట్టిందేమో చెబుతుంది.

ఇటువంటి టెస్టుకు రెండు స్వభావాలు ఉంటాయి. మొదటిది ప్రమాణ స్వభావం. ప్రమాణం అంటే యథార్థ జ్ఞానానికి సాధనం. ‘ఈ కోడ్ ఇలా ప్రవర్తిస్తున్నది’ అన్న జ్ఞానాన్ని టెస్టు కలిగిస్తుంది. రెండవది విధి స్వభావం. విధి అంటే ఇలా చేయవలసినదని ప్రవర్తింపజేసే వాక్యం. ‘ఈ కోడ్ ఇలాగే ప్రవర్తించాలి’ అని టెస్టు శాసిస్తుంది. టెస్టు కొత్తగా ఉన్నంత కాలం ఈ రెండూ కలిసే ఉంటాయి, ఎందుకంటే ఏమి జరగాలని బృందం కోరుకుంటున్నదో అదే టెస్టులో రాసి ఉంటుంది. కాలం గడిచి ఉత్పత్తి మారినప్పుడు ఈ రెండు స్వభావాలూ విడిపోతాయి. మూడు మెట్లలో సాగే చెల్లింపును ఒకే తెర మీదకు తెచ్చిన తరువాత కూడా రెండో మెట్టు తెర కోసం వెతికే టెస్టు, కోడ్ ఏమి చేస్తున్నదో నిజమే చెబుతుంది, కాని ఎవరూ కోరని దాన్ని శాసిస్తుంది. అక్కడ ఫెయిల్ అన్న గుర్తు దోషాన్ని చూపడం లేదు. పాత సంకల్పానికి, కొత్త సంకల్పానికి మధ్య ఉన్న విరోధాన్ని మాత్రమే చూపుతున్నది. పాతబడిన టెస్టు అని వ్యవహారంలో చెప్పేది ప్రధానంగా ఇలా విధిత్వం సడలిన టెస్టునే.

ఫ్రంటెండ్ టెస్టులు మిగిలిన వాటికంటే త్వరగా ఈ స్థితికి చేరుకోవడానికి కారణాలు స్పష్టమైనవే. తెర రూపం తరచుగా మారుతుంది. ఆ రూపాన్ని నిర్మించే గ్రంథాలయాలు, అంటే లైబ్రరీలు, మారుతాయి. చివరకు దాన్ని చూపించే బ్రౌజర్లు కూడా మారుతాయి. తెర లేకుండా నడిచే బ్రౌజర్‌గా ఒకప్పుడు విరివిగా వాడిన ఫాంటమ్‌జేఎస్ అభివృద్ధి 2018లో ఆగిపోయింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న విరమణ ఇచ్చింది. వీటి మీద ఆధారపడి రాసిన టెస్టులు తాము మారకుండానే పాతబడ్డాయి.

ప్రామాణ్యం స్వతస్సిద్ధమా

టెస్టు ఇచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలన్నది మొదట తేలవలసిన విషయం. జ్ఞానం తనంతట తానే ప్రమాణమని, దాన్ని కొట్టివేసే కారణం కనబడేదాకా నమ్మవలసినదేనని మీమాంసకులు అంటారు. దీన్ని స్వతః ప్రామాణ్య వాదం అంటారు. జ్ఞానం యథార్థమో కాదో దాని వెలుపలి ఆధారంతోనే, ముఖ్యంగా దాన్ని అనుసరించి చేసిన పని ఫలించడంతోనే, తేలుతుందని నైయాయికులు అంటారు. ఇది పరతః ప్రామాణ్య వాదం. సాఫ్ట్‌వేర్ బృందాలు తమకు తెలియకుండానే ఈ రెండు పక్షాల మధ్య ఊగిసలాడుతుంటాయి. టెస్టు ఫెయిలైతే కోడ్‌లోనే తప్పు ఉందని ముందుగా భావించడం మొదటి పక్షం. ఈ టెస్టు ఇంతకుముందు ఎప్పుడైనా నిజమైన బగ్‌ను పట్టిందా అని అడగడం రెండవ పక్షం.

స్వతః ప్రామాణ్య వాదం గుడ్డి నమ్మకం కాదన్నది ఇక్కడ గుర్తించవలసిన అంశం. జ్ఞానం మీద నమ్మకం రెండు కారణాల వల్ల తొలగిపోవచ్చునని ఆ వాదమే అంగీకరిస్తుంది. ఒకటి కారణదోష జ్ఞానం, అంటే జ్ఞానాన్ని కలిగించిన సాధనంలోనే లోపం ఉందని తెలియడం. కామెర్ల రోగికి శంఖం పచ్చగా కనబడడం శాస్త్రగ్రంథాలు ఇచ్చే ఉదాహరణ. రెండవది బాధక ప్రత్యయం, అంటే ముందటి జ్ఞానాన్ని కొట్టివేసే మరొక బలమైన జ్ఞానం కలగడం. కోడ్‌లో ఏ మార్పూ లేకుండా ఒకసారి పాసై మరొకసారి ఫెయిలయ్యే టెస్టులను ‘ఫ్లేకీ’ టెస్టులు అంటారు. వాటిలో ఉన్నది కారణదోషం. గూగుల్ ఇంజనీర్లు 2016లో వెల్లడించిన లెక్క ప్రకారం ఆ సంస్థ టెస్టులలో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ చంచల స్వభావం ఉంది. ఉత్పత్తి నిర్ణయమే మారిందని తెలియడం వల్ల టెస్టు మాట చెల్లకపోవడం బాధక ప్రత్యయానికి ఉదాహరణ. ఈ రెండింటికీ చికిత్స ఒకటి కాదు. సాధనంలో దోషం ఉంటే సాధనాన్ని బాగుచేయాలి, ఎందుకంటే అది చూడవలసిన విషయం ఇంకా అక్కడే ఉంది. బలమైన జ్ఞానం కొట్టివేసినప్పుడు బాగుచేయవలసినది ఏదీ లేదు. ఫ్లేకీ టెస్టును ‘పాతబడింది’ అన్న పేరుతో తీసివేయడం, కామెర్ల రోగి కన్ను మూసుకుని శంఖం సమస్య తీరిందనుకోవడం వంటిది.

పొట్టు లేని చోట దంచడం

బాధాధ్యాయంలో వచ్చే ఒక ప్రసిద్ధ విచారణ పాత టెస్టుల చిక్కుకు ఆశ్చర్యం కలిగించేంత సరిగ్గా అతుకుతుంది. మీమాంసకులు యజ్ఞాలను ప్రకృతి, వికృతి అని విభజిస్తారు. అన్ని అంగాలూ పూర్తిగా ఉపదేశించిన మూల రూపం ప్రకృతి. కొన్ని మార్పులు మాత్రమే చెప్పి, మిగిలినదంతా ప్రకృతి నుంచి తెచ్చుకోమని విడిచిపెట్టినది వికృతి. ఇలా తెచ్చుకోవడాన్ని అతిదేశం అంటారు. దర్శపూర్ణమాసాలనే ప్రకృతి యాగంలో ధాన్యాన్ని దంచడం ఒక అంగం. దీర్ఘాయువు కోరేవాడు చేయవలసిన ఒక వికృతి యాగంలో హవిస్సు ధాన్యం కాదు. కృష్ణలాలు, అంటే గురిగింజ ఎత్తు బంగారు తునకలు, నూరు. అతిదేశం వల్ల దంచడం కూడా ఇక్కడికి సంక్రమించింది కాబట్టి బంగారు తునకలను దంచాలా అన్నది ప్రశ్న.

దంచనక్కరలేదని సిద్ధాంతం. దంచడం పొట్టు పోవడం అనే ద్వారం గుండా, అంటే ఆ దృష్ట ప్రయోజనం గుండా, యాగానికి ఉపకరిస్తుంది. బంగారానికి పొట్టు లేదు కాబట్టి ద్వారమే లోపించింది, ద్వారం లోపించిన చోట అంగం కూడా నిలవదు. అయితే ఇదే సందర్భంలో వండడం గురించి వచ్చిన నిర్ణయం దీనికి విరుద్ధంగా ఉంది. వండినంత మాత్రాన బంగారం మెత్తబడదు, అయినా అక్కడ ఆ తునకలను నేతిలో వండమని ప్రత్యక్షంగా చెప్పిన వాక్యం ఉన్నందువల్ల వండవలసిందే. సంక్రమించి వచ్చిన విధి ప్రయోజనం లేకపోతే పడిపోతుంది. ఈ సందర్భానికే ఉద్దేశించి చెప్పిన విధి, ప్రయోజనం పైకి కనబడకపోయినా, నిలుస్తుంది.

ఈ భేదాన్ని టెస్టులకు అన్వయిస్తే మొదటి సూత్రం దొరుకుతుంది. ఏళ్ల తరబడి సాగిన ఒక ప్రాజెక్టులో ఉన్న టెస్టులలో చాలా భాగం అతిదేశం వల్ల వచ్చినవే. పాత రూపంలో రాసినవి కొత్త రూపానికి వారసత్వంగా వచ్చి చేరాయి తప్ప, కొత్త రూపాన్ని చూసి ఎవరూ రాయలేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11లో మెనూ వంకరపోకుండా చూసే టెస్టుకు ఆ బ్రౌజర్ వాడేవారు ఉండడమే ద్వారం. వారు లేని ప్రాజెక్టులో ఆ టెస్టును నడపడం బంగారాన్ని దంచడమే అవుతుంది. కాని ద్వారం లోపించిందా లేదా అన్నది లోకంలో సాధారణంగా తేలేది కాదు, ఆ ప్రాజెక్టులో తేలవలసినది. మైక్రోసాఫ్ట్ తన ఎడ్జ్ బ్రౌజర్‌లో పాత ఎక్స్‌ప్లోరర్ రీతిని కనీసం 2029 వరకు కొనసాగిస్తామని చెప్పింది కాబట్టి, ఆ రీతిలోనే పనిచేసే కార్యాలయాలకు సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థకు ఆ ద్వారం ఇంకా తెరిచే ఉంది. మరోవైపు, ఒక చట్టపరమైన హెచ్చరిక తెర మీద ఉండి తీరాలని చూసే టెస్టు ఎవరికీ ఏ ప్రయోజనమూ లేనిదిగా కనబడవచ్చు. అయితే అది ఒప్పందంలోని నిబంధన వల్ల ఆ తెరకే ఉద్దేశించి రాసినదైతే, వండమన్న వాక్యంలాగా అది ప్రత్యక్ష విధి, ప్రయోజనం కనబడలేదన్న కారణంతో కొట్టివేయదగినది కాదు.

దంచడం గురించి మీమాంసకులు చేసిన మరొక విచారణ కూడా ఇక్కడ పనికివస్తుంది. పొట్టును గోళ్లతో కూడా ఒలవవచ్చు. అనేక ఉపాయాలు సాధ్యమైన చోట ఒకదాన్నే నిర్ణయించే విధిని నియమ విధి అంటారు. యజ్ఞంలో ఆ నియమానికి అదృష్ట ఫలం ఉందని, అంటే కంటికి కనబడని పుణ్యఫలం ఉందని, శాస్త్రం అంగీకరిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో అటువంటి అదృష్టం లేదు. రియాక్ట్ అనే ప్రసిద్ధ లైబ్రరీతో కట్టిన తెరల కోసం ఎయిర్‌బీఎన్‌బీ 2015లో విడుదల చేసిన ఎంజైమ్ అనే పరికరం, తెర వెనుక దాగిన అంతర్గత స్థితిని సైతం టెస్టులు పరిశీలించేందుకు వీలు కల్పించింది. దానితో రాసిన టెస్టులలో చాలా వాటికి పొట్టు పోయిందా అన్నదానికంటే రోకలితోనే దంచారా అన్నది ముఖ్యమైపోయింది. 2019 ఫిబ్రవరిలో రియాక్ట్ 16.8తో హుక్స్ అనే కొత్త పద్ధతి వచ్చి, అంతర్గత స్థితిని నిర్వహించే తీరే మారినప్పుడు, వాడేవారికి ఏ తేడా తెలియని మార్పులకు సైతం అటువంటి టెస్టులు ఫెయిల్ కాసాగాయి. 2018లో వచ్చిన రియాక్ట్ టెస్టింగ్ లైబ్రరీ దీనికి ఎదురు సిద్ధాంతాన్ని చేపట్టి, వాడేవారు చూసేదాన్ని, వారు చేసేదాన్ని మాత్రమే టెస్టు పట్టించుకోవాలని ప్రతిపాదించింది. ప్రయోజనం లేని చోట నియమాన్ని విధించకూడదన్నదే ఆ ప్రతిపాదన సారం.

ఊహ, ప్రసంగం

విధి పాతబడిన ప్రతి చోటా బాధే మార్గమని మీమాంస చెప్పదు. పదవ అధ్యాయానికి ముందున్న తొమ్మిదవది ‘ఊహ’ గురించినది. ప్రకృతి యాగం నుంచి వచ్చిన మంత్రంలో అగ్ని పేరు ఉండి, వికృతి యాగంలో దేవత సూర్యుడైతే, మంత్రాన్ని విడిచిపెట్టకుండా అగ్ని పేరు స్థానంలో సూర్యుని పేరు చేర్చి చదవడం ఊహ. ప్రయోజనం నిలిచి ఉండి, దాన్ని చెప్పే రూపం మాత్రమే పొసగనప్పుడు చేయవలసినది ఇదే. పన్నెండవ అధ్యాయం ‘ప్రసంగం’ గురించినది; ఒకదాని కోసం చేసిన పని వల్ల మరొకదానికి కూడా ఉపకారం కలిగితే, ఆ రెండవదాని కోసం దాన్ని వేరుగా చేయనక్కరలేదన్నది అక్కడి న్యాయం. పశుయాగంలో పశువు కోసం చేసిన ప్రయాజాలనే అంగాలు ఆ యాగంలోనే వచ్చే పురోడాశానికి, అంటే పిండితో చేసిన హవిస్సుకు, కూడా ఉపకరిస్తాయి కాబట్టి, పురోడాశం కోసం వాటిని మళ్లీ చేయరు.

కాబట్టి పాతబడినట్టు కనబడే టెస్టు విషయంలో అడగవలసినవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ప్రయోజనం పోయిందా అన్నది మొదటిది. పోతే బాధ, అంటే తొలగింపు. ప్రయోజనం ఉండి రూపం చెడిందా అన్నది రెండవది. చెడితే ఊహ, అంటే తిరగరాయడం. ప్రయోజనాన్ని మరొక టెస్టు ఇప్పటికే నెరవేరుస్తున్నదా అన్నది మూడవది. నెరవేరుస్తుంటే ప్రసంగం, అంటే ఆ రెండవ టెస్టు మీద ఆధారపడి మొదటిదాన్ని విరమించడం. ఫలితం దృష్టిలో బాధ, ప్రసంగం రెండూ తొలగింపులాగే కనబడినా, వాటి తరువాతి బాధ్యతలు వేరు. బాధతో తొలగించిన టెస్టును మరచిపోవచ్చు. ప్రసంగంతో తొలగించినదాన్ని మరచిపోవడానికి వీలులేదు, ఎందుకంటే దాని భారాన్ని మోస్తున్న టెస్టును రేపు మరెవరో తీసివేస్తే ఆ ప్రయోజనం రెండు చోట్లా అనాథ అవుతుంది. మొత్తం దారిని బ్రౌజర్‌లో నడిపి చూసే పెద్ద టెస్టు ఉందన్న ధైర్యంతో చిన్న టెస్టులను తీసివేసి, తరువాత పెద్ద టెస్టు నెమ్మదిగా నడుస్తున్నదన్న కారణంతో దాన్ని కూడా తీసివేసే బృందాలు ఈ నష్టానికే గురవుతాయి.

ఎంజైమ్ విషయంలో దాన్ని సృష్టించిన ఎయిర్‌బీఎన్‌బీ తీసుకున్న నిర్ణయం ఈ భేదానికి మంచి ఉదాహరణ. 2020 నుంచి కొత్త టెస్టులన్నింటికీ రియాక్ట్ టెస్టింగ్ లైబ్రరీనే వాడుతూ వచ్చిన ఆ సంస్థ, మిగిలిపోయిన ఎంజైమ్ టెస్టులను ఊరికే తీసివేస్తే పరీక్షకు లోనుకాని కోడ్ చాలా మిగిలిపోతుందని గుర్తించింది. అందువల్ల దాదాపు 3,500 ఫైళ్లను కొత్త పద్ధతిలోకి మార్చే పని చేపట్టింది. మనుషులు చేస్తే ఏడాదిన్నర పడుతుందని అంచనా వేసిన ఆ పనిని భాషా నమూనాల సాయంతో 6 వారాలలో ముగించినట్టు 2025లో ప్రకటించింది. పరికరం అంతరించినంత మాత్రాన ప్రయోజనం అంతరించదని, రూపం మారినా సంకల్పం నిలవవలసిన చోట ఊహే న్యాయమని ఆ నిర్ణయం అంగీకరించినట్టయింది. ఊహకయ్యే ఖర్చు ఇలా తగ్గిపోతున్న కొద్దీ, తిరగరాయడం భారమన్న సాకుతో ఊహ చేయవలసిన చోట బాధను ఆశ్రయించడం సమర్థించుకోవడం కష్టమవుతుంది.

కనబడకపోవడమూ లేకపోవడమూ

ఒక టెస్టును తీసివేయాలనేవారు తరచుగా చూపే కారణం, అది ఏళ్లుగా ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదన్నది. దోషం కనబడలేదు కాబట్టి దోషానికి అవకాశం లేదు, అవకాశం లేదు కాబట్టి టెస్టు అనవసరం అన్నది ఈ వాదం. అభావాన్ని, అంటే ఒక వస్తువు లేకపోవడాన్ని, ఎలా తెలుసుకుంటామన్న విషయంలో కుమారిలభట్టును అనుసరించే భాట్ట మీమాంసకులు అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణాన్ని అంగీకరించారు; నైయాయికులు దాన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోలేదు. అయినా ఒక షరతు విషయంలో ఉభయులకూ ఏకీభావం ఉంది. కనబడదగినది కనబడకపోతేనే అది లేదని చెప్పవచ్చు. దీన్నే యోగ్యానుపలబ్ధి అంటారు. వెలుగున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ తేలదు.

టెస్టుల లోకంలో ఈ షరతును మరచిన చోటే పెద్ద ప్రమాదం పొంచి ఉంటుంది. సాధారణ వాడుకరులకు ‘ఖాతా తొలగించు’ అన్న బటన్ కనబడకూడదని ఒక టెస్టు ఉందనుకుంటే, అది ఆ బటన్‌ను ఒక గుర్తు పేరుతో వెతికి, దొరకలేదని చూసి పాసవుతుంది. కొన్నాళ్లకు తెరను తిరిగి కట్టినప్పుడు ఆ గుర్తు పేరు మారిపోతే, బటన్ అందరికీ కనబడుతున్నా టెస్టు పాత పేరుతోనే వెతుకుతూ, దొరకలేదని నిశ్చింతగా పాసవుతూనే ఉంటుంది. మీమాంసకులు పరిసంఖ్య అనే నిషేధరూప విధికి సరిపోలే ఈ రకం టెస్టులు పాతబడినప్పుడు ఎరుపెక్కవు, అంటే ఫెయిల్ కావు. ఎప్పటికీ పచ్చగానే ఉండి మోసం చేస్తాయి. ఫెయిలయ్యే పాత టెస్టు చిరాకు పెడుతుంది కాబట్టి ఎవరో ఒకరు దాన్ని పట్టించుకుంటారు, కాని ఇలా పాసయ్యే పాత టెస్టును ఎవరూ పట్టించుకోరు. అందువల్ల పాతబడిన టెస్టుల కోసం వెతికేవారు ఫెయిలయ్యే వాటితో ఆగిపోవడం తగదు.

యోగ్యతను పరీక్షించే ఉపాయం కూడా ఉంది. కోడ్‌లో కావాలని ఒక చిన్న తప్పును పెట్టి టెస్టు దాన్ని పడుతుందో లేదో చూడడాన్ని మ్యుటేషన్ టెస్టింగ్ అంటారు. 1971లో రిచర్డ్ లిప్టన్ మొదట ప్రతిపాదించిన ఈ ఆలోచనకు 1978లో డిమిల్లో, లిప్టన్, సేవర్డ్ రాసిన పత్రం శాస్త్రీయ రూపమిచ్చింది. తప్పు పెట్టినా టెస్టు పాసయితే దాని మౌనం చీకటి గదిలోని మౌనం; అది దోషం లేదని ఇంతకాలం ఇచ్చిన సాక్ష్యం చెల్లదు. తప్పు పెట్టగానే ఫెయిలయితే ఆ టెస్టు ఇన్నేళ్లు ఫెయిల్ కాకపోవడం దాని నిరర్థకతకు గుర్తు కాదు, అది కాపలా కాస్తున్న చోట ఎవరూ తప్పు చేయలేదన్నదానికి మాత్రమే గుర్తు. టెస్టులు దోషం ఉందని చూపగలవు గాని లేదని చూపలేవని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా చేసిన ప్రసిద్ధమైన హెచ్చరికకు యోగ్యతా నియమం ఒక అనుబంధంగా నిలుస్తుంది: దోషం ఉందని చూపగల శక్తి టెస్టుకు ఇంకా ఉందా అన్నదాన్ని కూడా మధ్యమధ్య పరీక్షిస్తుండాలి.

మూలం తెలియని విధి, లోభం తెలిసిన విధి

ప్రయోజనం పోయిందో లేదో చెప్పడానికి ముందు ప్రయోజనం ఏమిటో తెలియాలి. పాత టెస్టుల విషయంలో అది చాలాసార్లు తెలియదు, ఎందుకంటే రాసినవారు సంస్థను విడిచి వెళ్లిపోయి ఉంటారు. తెలుగు నేలలో విస్తారంగా ఉన్న ఆపస్తంబ శాఖీయుల ధర్మసూత్రం ఇటువంటి స్థితి గురించి రెండు మాటలు చెబుతుంది. కొన్ని విధుల మూల పాఠాలు నష్టమైపోయాయి, ఆచరణను బట్టి వాటిని ఊహించుకోవాలన్నది ఒకటి. ప్రీతి వల్ల, అంటే సుఖం కోసమే, జనం ప్రవర్తించే చోట మాత్రం అటువంటి శాస్త్రమూలం ఉందని ఊహించకూడదన్నది రెండవది. మూలం కనబడలేదని విధిని కొట్టివేయరాదు. మూలం కంటే తేలికైన కారణం కనబడుతుంటే లేని మూలాన్ని కల్పించనూ రాదు.

మీమాంసా సూత్రాల వ్యాఖ్యాత శబరుడు ఇదే విషయాన్ని ఒక తీవ్రమైన ఉదాహరణతో చర్చిస్తాడు. సోమయాగంలో ఔదుంబరి అనే మేడికర్ర స్తంభాన్ని తాకుతూ సామగానం చేయాలని శ్రుతి చెబుతుంటే, ఆ స్తంభాన్ని పూర్తిగా వస్త్రంతో చుట్టాలని ఒక స్మృతి చెబుతున్నది. పూర్తిగా చుట్టితే తాకడం కుదరదు కాబట్టి స్మృతికి ప్రామాణ్యం లేదని శబరుడు నిర్ణయించి, అటువంటి స్మృతులకు వస్త్రం మీది లోభం వంటి దృష్ట హేతువు మూలమై ఉండవచ్చునని కూడా అంటాడు. కుమారిలభట్టు ఈ నిర్ణయాన్ని యథాతథంగా ఒప్పుకోలేదు. కనబడని శ్రుతి మూలం ఉండడానికి అవకాశం ఉన్నప్పుడు లోభాన్ని ఆరోపించడంలో తొందర తగదని ఆయన వాదం.

టెస్టుల విషయంలో వస్త్రలోభానికి సమానమైనది కవరేజి లెక్క. కోడ్‌లో ఎన్ని పంక్తులను టెస్టులు నడిపి చూశాయో చెప్పే శాతాన్ని కవరేజి అంటారు. ఆ శాతం ఇంత ఉండాలని సంస్థ నిర్ణయించినప్పుడు, కోడ్‌ను నడిపించి ఏమీ పోల్చి చూడని టెస్టులు పుట్టుకొస్తాయి. తెర మొత్తం రూపాన్ని ఒక పాఠంగా భద్రపరచి తరువాతి రూపంతో పోల్చే స్నాప్‌షాట్ టెస్టులు, జెస్ట్ అనే పరికరం ద్వారా 2016లో ప్రచారంలోకి వచ్చాయి. ప్రతి చిన్న మార్పుకూ ఫెయిలయ్యే ఇటువంటి టెస్టులను చదవకుండానే కొత్త రూపానికి ఆమోదం నొక్కే అలవాటు ఒక బృందంలో స్థిరపడిందంటే, ఆ టెస్టు విధిస్తున్నది ఏమీ లేదన్నమాట. దృష్ట హేతువు ఇంత స్పష్టంగా కనబడే చోట శబరుని కాఠిన్యమే న్యాయం. అయితే రాసినవారి ఉద్దేశం తెలియదన్న ఒక్క కారణంతో ‘కవరేజి కోసం రాసి ఉంటారు’ అని తేల్చే చోట కుమారిలుని సంయమనమే మేలు. అక్కడ భారం తీసివేసేవారి మీద ఉంటుంది; కోడ్ చరిత్రను భద్రపరిచే గిట్ వంటి వ్యవస్థలో ఆ టెస్టు ఏ మార్పుతో కలిసి వచ్చిందో, ఏ బగ్‌ను సరిచేస్తూ వచ్చిందో చూడకుండా ప్రయోజనం లేదని ప్రకటించడం విచారణ అనిపించుకోదు.

నిలిపివేసిన విధి

బాధకూ కొనసాగింపుకూ మధ్య మరొక స్థితి ఉంది. నియోగం, సముద్రయానం వంటి కొన్నింటిని ధర్మశాస్త్రకారులు కలివర్జ్యాలన్నారు. పూర్వం విహితమైనవో అనుమతి పొందినవో అయినా కలియుగంలో వర్జించవలసినవని వాటి అర్థం. పాఠం పాఠంగానే ఉంటుంది, ఆచరణ మాత్రం ఆగిపోతుంది. టెస్టును తీసివేయకుండా నడవకుండా చేసే ‘స్కిప్’ అనే గుర్తు ఇటువంటిదే. కలివర్జ్యాలను గ్రంథస్థం చేసిన నిబంధకారులు ఏది వర్జ్యమో జాబితాగా చెప్పి, యుగధర్మం అనే కారణాన్ని కూడా చూపారు. సాఫ్ట్‌వేర్‌లో స్కిప్ గుర్తు పెట్టేవారు చాలాసార్లు కారణాన్నీ చూపరు, కాలాన్నీ నిర్ణయించరు. దాని వల్ల ఆ టెస్టు ప్రమాణంగానూ విధిగానూ పనిచేయకపోయినా, ఈ విషయాన్ని ఎవరో చూసుకుంటున్నారన్న భ్రమను మాత్రం కలిగిస్తూనే ఉంటుంది. ప్రాచీన పాఠాన్ని చెరిపివేస్తే తిరిగి దొరకదన్న భయం నిబంధకారులకు న్యాయమైనదే. గిట్ చరిత్రలో తొలగించిన టెస్టు ఎప్పటికీ దొరుకుతుంది కాబట్టి ఆ భయానికి ఇక్కడ చోటు లేదు. విచారణ పూర్తయ్యేదాకా, గడువు పెట్టి, కారణం రాసి నిలిపివేయడం ఒక్కటే స్కిప్‌కు సమర్థన.

ఒక ఆక్షేపం, సమాధానం

మీమాంసకుల దృష్టిలో వేదం అపౌరుషేయం, అంటే ఎవరూ రచించనిది. టెస్టులు మనుషులు రాసినవి, తప్పుల తడకలు కాగలవి. అటువంటప్పుడు ఒకదాని న్యాయాలను మరొకదానికి అన్వయించడం సాహసం కాదా అన్న ఆక్షేపం సహజమే. దీనికి సమాధానం రెండు విధాలుగా చెప్పవచ్చు. టెస్టు స్థానం శ్రుతిది కాదు, స్మృతిది. ఎవరో ఒకప్పుడు తెలుసుకున్నదాన్ని గుర్తుపెట్టుకోవడానికి రాసినది, ఉత్పత్తి ఎలా ఉండాలన్న ప్రత్యక్ష సంకల్పంతో విరోధిస్తే తగ్గవలసినది. అందువల్ల శ్రుతికి ఇచ్చే గౌరవాన్ని టెస్టుకు ఇవ్వవలసిన పనిలేదు. రెండవ సమాధానం మరింత ముఖ్యమైనది. రచయిత లేడని అంగీకరించినందువల్లనే మీమాంసకులు రచయిత మనసును అడగకుండా, వాక్యం, ప్రయోజనం, సంబంధం అనే మూడింటిని ఆధారం చేసుకుని నిర్ణయించే పద్ధతిని నిర్మించుకోవలసి వచ్చింది. రాసినవారు వెళ్లిపోయిన పాత ప్రాజెక్టులో పనిచేసేవారి స్థితి కూడా వ్యవహారంలో అదే. సిద్ధాంతంలో ఆ టెస్టుకు కర్త ఉన్నా, అడగడానికి అందుబాటులో లేడు.

ఈ విచారం నుంచి తేలేదేమిటంటే, టెస్టుకు గౌరవం దాని వయసు వల్ల గాని, అది పచ్చగా ఉండడం వల్ల గాని రాదు. అది ఏ ద్వారం గుండా వాడేవారికి మేలు చేస్తున్నదో ఆ ద్వారం వల్ల వస్తుంది. కాబట్టి తొలగింపు నిర్ణయానికి యోగ్యమైన రూపం ఒక వాక్యం: ఈ టెస్టు ఫలానా ప్రయోజనం కోసం ఉండేది, ఆ ప్రయోజనం ఫలానా కారణం వల్ల పోయింది, లేదా ఫలానా టెస్టు దాన్ని నెరవేరుస్తున్నది. ఆ వాక్యాన్ని పూర్తి చేయగలిగినవారు నిస్సంకోచంగా తొలగించవచ్చు; వారిని ఆపడం బంగారాన్ని దంచమనడమే. పూర్తి చేయలేనివారు తొలగించేముందు మరికొంత తెలుసుకోవాలి, తెలుసుకునే ఓపిక లేకపోతే ఆ లోపం టెస్టుది కాదు. ఈ బాధ్యత తొలగించేవారితోనే మొదలు కాదన్నది కూడా ఈ విచారం నుంచే తేలుతుంది. విధి పక్కనే దాని ప్రయోజనాన్ని రాసిపెట్టని ప్రతి టెస్టు రచయితా, భవిష్యత్తులో ఎవరో చేయవలసిన ఇంత మీమాంసకు ఈనాడే కారణమవుతున్నాడు; ఏ బగ్ వల్ల, ఎవరి అవసరం వల్ల, ఏది మారితే ఇది అక్కరలేకుండా పోతుందో రెండు పంక్తులలో చెప్పి ఉంచిన టెస్టుకు ఈ వ్యాసంలో చెప్పిన న్యాయాలలో చాలా వాటితో పనే ఉండదు.